రెండు ముఖాల రాయి: ఒక అమరావతి ఫలకం కథ

ఈ ఫలకం అమరావతి మహాస్తూపానిది. ఇప్పుడు ఉంటున్నది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో. పుట్టింది పల్నాటి సున్నపురాతి పొరల్లో. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి శిల్పి దీని మీద బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని, చేతులు జోడించిన భక్తులను చెక్కాడు. అక్కడ బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపే ఆచారం అప్పటికి రాలేదు. చూసేవాళ్లకు ఆ ఖాళీ ఆసనమే ఆయన.

క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఈ ఫలకాన్ని వెనక్కి తిప్పి, రెండో ముఖం మీద ఏకంగా స్తూపాన్నే చెక్కారు. చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద వరుసగా నిలిచిన ఐదు ఆయక స్తంభాలు, పైన అండం అనే గుండ్రని గుమ్మటం. అసలు కట్టడం మిగల్లేదు కాబట్టి, అది ఎలా ఉండేదో ఊహించడానికి పండితులకు ఇలాంటి ఫలకాలే ప్రధానమైన ఆధారం. ఈ ఒక్క రాతిలోనే రెండు కాలాల శిల్పం కనిపిస్తుంది. ఈ ఫలకానికి ఉన్న గొప్పదనమంతా అందులోనే ఉంది.

ఆ తర్వాత చాలా శతాబ్దాలు మట్టి కిందే గడిచాయి. ధరణికోట పక్కనున్న ఆ దిబ్బను ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతి పట్టణం కట్టించే రోజుల్లో అక్కడి ఇటుకలు, రాళ్లు వెలుగు చూశాయి. ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో రెండోసారి వచ్చేసరికి ఎన్నో రాళ్లు కనబడలేదు. మిగిలిన వాటికి తన చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. తవ్విన చోటు చెదిరిపోయాక ఏ రాయి ఎక్కడుండేదో చెప్పగలిగేవి ఆ కాగితాలే. రాయి కన్నా కాగితం ఎక్కువ గుర్తు పెట్టుకున్న సందర్భమిది.

1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వకాలు జరిపించి రాళ్లను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1858లో ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది 121 రాళ్లు ఓడెక్కి లండన్ చేరి, గోదాముల పాలయ్యాయి. 1867లో ఒక గుర్రపుబండ్ల కొట్టంలో వాటిని గుర్తించిన వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ మరుసటి ఏడాదే వాటి మీద పెద్ద పుస్తకం వెలువరించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి.

ఈ ఫలకానికి పేరు లాంటిది దొరికింది అప్పుడే: 1880,0709.79. 1880వ సంవత్సరం, జూలై నెల, 9వ తేదీ, ఆనాటి పద్దులో 79వ వస్తువు అని దీని అర్థం. చూపరులు పట్టించుకోని ఈ అంకెలే క్యూరేటర్ పనికి పునాది. వస్తువును మరో గదికి మార్చినా, శుభ్రం చేసినా, ఫొటో తీసినా, ఎవరైనా దాని గురించి రాసినా అదంతా ఆ సంఖ్య కిందికే వచ్చి చేరుతుంది. సంఖ్య చెరిగిపోతే వస్తువు కళ్లెదుట ఉన్నా దాని చరిత్ర తెగిపోతుంది.

ఆ పద్దును ఆసరా చేసుకుని మ్యూజియం క్యూరేటర్లు డగ్లస్ బారెట్ 1954లో, రాబర్ట్ నాక్స్ 1992లో అమరావతి శిల్పాల మీద గ్రంథాలు వెలువరించారు. ఒక్కో రాతినీ కొలిచి, దాని మీద ఉన్నదేమిటో వర్ణించి, అది స్తూపంలో ఏ భాగానిదో, ఏ కాలానిదో నిర్ణయించే పని అది. మెకంజీ వేయించిన పాత బొమ్మలను రాళ్లతో పోల్చి చూడడం అందులో అతి ఓపిక కోరే భాగం. 1992లోనే ఈ శిల్పాలకు ప్రత్యేకమైన గది తెరుచుకుంది. సున్నపురాతికి తేమ, పొగ పడవు. అందుకే వాటిని అద్దం వెనక, అదుపులో ఉంచిన గాలిలో నిలబెట్టారు. చూపించడం, కాపాడడం అనే రెండు పనులకూ ఒకేసారి న్యాయం చేయడం ఈ వృత్తిలో నిత్యం ఉండే చిక్కు. రెండు ముఖాల ఫలకమైతే అది ఇంకా పెరుగుతుంది: ఒక పక్కను గోడకు ఆనిస్తే మూడు నాలుగు వందల ఏళ్ల శిల్పచరిత్ర చూపరికి దక్కకుండా పోతుంది.

స్తూపం రాళ్లు నేడు చెదిరి ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అతి పెద్ద సేకరణ ఉంది, అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. అన్ని చోట్ల ఉన్న వాటినీ ఒకేచోట పెట్టి చదవడం ఇప్పుడు ఇంటర్నెట్ పట్టికల ద్వారానే సాధ్యం. వాటిలో తెలుగు వివరణలు చేరాలి. ఆ శిల్పుల నేల మీద బతుకుతున్న పిల్లలు చదువుకునే భాష అది. బ్రిటిష్ మ్యూజియంలో ఈ శిల్పాలను చూడడానికి టికెట్ అక్కర్లేదు. అంత దూరం వెళ్లలేనివారు మ్యూజియం ఆన్‌లైన్ పట్టికలో 1880,0709.79 అని వెతకవచ్చు; రెండు ముఖాల ఫొటోలూ అక్కడ ఉన్నాయి.