ఎస్సుల మాస్టారు

విశాఖ దగ్గర యారాడ ఘాట్‌రోడ్డు దిగే బళ్లలో అందరి చూపూ సముద్రం మీదుంటే, ఎస్సుల మాస్టారి చూపు బోర్డుల మీద ఉంటుంది. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క బంగాళాఖాతం. అంత అందాన్నీ వెనక్కి నెట్టి, తాటాకు పాక ముందు నిలబడి చాక్‌పీసుతో రాసిన పలకని చదువుతుంటారు. 'ఆల్ టైప్ ఆఫ్ ఫిషెస్ అవైలబుల్.' టైప్‌కి ఎస్ ఉండాలి, లేదు. ఫిష్‌కి అక్కర్లేదు, ఉంది. మాస్టారి తీర్పు ఒకటే: "స్టాకు తగ్గలేదోయ్, ఒక అరలో పెట్టాల్సింది ఇంకో అరలో పెట్టారు. ట్రాన్స్‌ఫర్ చేస్తే సరిపోతుంది." చేస్తారు కూడా. జేబురుమాలుతో అక్కడ తుడిచి ఇక్కడ రాస్తారు. పాకవాడు నూనెలోంచి చూపు తిప్పడు. సాయంత్రానికి వానొచ్చి రెండు ఎస్సుల్నీ కడిగేస్తుందని వాడికి తెలుసు.

మాస్టారంటే బడిపంతులనుకునేరు. స్టీల్‌ప్లాంటు స్టోర్సులో చేసి రిటైరైన మనిషి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ ప్లాంటు 1992లో జాతికి అంకితమైంది. ఆ రెండు సంవత్సరాల మధ్యా గేటు దాటి ఎంత సామాను వచ్చిందో ఆయన్నడక్కండి, చెప్తారు. ఆయన ఇంగ్లీషు గ్రామరంతా స్టాకు లెక్క రాసే బిన్‌కార్డు మీద నేర్చుకున్నది. నట్లు, బోల్టులు, బేరింగులు నంబర్ల లెక్కన ఇస్తారు కనక వాటికి ఎస్ ఉంటుంది. ఇసుక, సిమెంటు, గ్రీజు తూకం లెక్కన ఇస్తారు కనక ఉండదు. ఈ సూత్రం ఉక్కుకి అతికినట్టు సరిపోయింది. అటు గంగవరం పోర్టులో ఓడలకి ఓడలు దిగే బొగ్గుకీ సరిపోయింది. ఏళ్ల తరబడి మాస్టారు సుఖంగా నిద్రపోయారు.

ఆ నిద్ర ఫర్నిచర్ దగ్గర చెడింది. కుర్చీ లెక్కకొస్తుంది. బల్ల లెక్కకొస్తుంది. బీరువా కూడా వస్తుంది. మూడూ ఒక గదిలోకి చేర్చి ఫర్నిచర్ అన్నామో, అప్పటిదాకా బుద్ధిగా లెక్కకొచ్చినవన్నీ ఒక్కసారిగా లెక్కకు రాకుండా పోతాయట! ఎక్విప్‌మెంటూ అంతే. లగేజీ అంతే. తన చేత్తో ఒక్కొక్కటే దింపి, నంబరేసి, సంతకం తీసుకున్న సామాన్లు ఇవన్నీ. "నేను లెక్కపెట్టినవి లెక్కకు రావని చెప్పడానికి ఆ ఇంగ్లీషువాడెవడు?" అని ఆయన బాధ.

అందుకే రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం కొన్నారు. ఆ రెన్ గారు 1924లో ఫ్రెంచి ఫారిన్ లీజియన్ సిపాయిల మీద 'బో జెస్ట్' అనే సాహస నవల రాసినాయనే. ఎడారిలో తుపాకులు పేల్చినంత ధీమాగా గ్రామరూ చెప్పేశాడు. ఫలానా ఫలానా మాటలు ఏకవచనంలోనే వాడాలన్నాడు. ఎందుకని మాత్రం మాస్టారితో చెప్పలేదు. అట్టమీద, సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు అని చూసి 'మనవాడే, వదిలిపెట్టడు' అని ఆశపడ్డారు గానీ, ఆ పేజీ అలాగే ఉంది.

కారణం లేకపోవడమే కారణమని ఆయనకెవరు చెప్పాలి? వస్తువు గుణానికీ వ్యాకరణానికీ చుట్టరికం అంతంతమాత్రమే. మనింట్లో చూడండి: రాత్రి తోడేసినప్పుడు పాలు బహువచనం, తెల్లారేసరికి పెరుగు ఏకవచనం. కందులు బహువచనం, మరకెళ్లొస్తే కందిపప్పు ఏకవచనం. ఏ అమ్మా దీనికోసం నిద్ర మానుకోలేదు. మాస్టారి ఇంట్లో మాత్రం, కోడలు పిల్లాడి నెత్తిన నూనె రాస్తూ "హెయిర్స్ ఊడిపోతున్నాయండీ" అంటే, ఊడుతున్నది ఎంతన్న విచారం లేదు, ఎస్ మీదే విచారం. అయినా అక్కడ కోడలిదే పైచేయి. దువ్వెనకి చిక్కినవి ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. విడివిడిగా ఎంచితే హెయిర్స్ అనొచ్చని ఇంగ్లీషే ఒప్పుకుంటుంది మరి.

అసలు ప్రమాదం వాట్సాప్ గ్రూపులో. రిటైరైనవాళ్ల గ్రూపు కదా, నెలకో కబురు వస్తుంది. వెంటనే వరసగా నమస్కారం బొమ్మలు, 'హార్ట్‌ఫెల్ట్ కండోలెన్స్' అని సానుభూతులు. మాస్టారు పోయినాయన మీద కన్నీరు పెడుతూనే, కింద ఒక్క మాట పెడతారు: 'కండోలెన్సెస్.' ఎవరికో మనవడు పుట్టి 'కంగ్రాట్యులేషన్' అంటే అక్కడా అంతే, ఒక ఎస్ తక్కువైందని చీటీ. చావైనా పుట్టుకైనా ఆయన రసీదు లేకుండా జమకాదు. ఒకాయన బతికుండగానే చెప్పిపెట్టాడు: "నేను పోయినప్పుడు ఈయన ఫోను తీసి దాచేయండర్రా."

మనవణ్ని తీసుకుని బీచ్‌రోడ్డులో టీయూ-142 చూడ్డానికి వెళ్లారు. 2017లో మ్యూజియం చేసిన ఆ నేవీ విమానం ఎంత దూరం ఎగిరేదో, సబ్‌మెరైన్లని ఎలా పసిగట్టేదో గైడు చెబుతున్నాడు. మాస్టారు మధ్యలో ఆపి, "ఒకటైనా ఎయిర్‌క్రాఫ్టే, వందైనా ఎయిర్‌క్రాఫ్టే, రాసుకో," అన్నారు. పిల్లాడు ఐస్‌క్రీమ్‌లు అడిగాడు. ఒక్కటే వచ్చింది.

ఆయన్ని ఓడించింది ఒక చదువుకున్న కుర్రాడు. సముద్రజీవుల మీద పరిశోధన చేస్తున్నాడట. పాక ముందు మాస్టారు ఎస్ తుడుస్తుంటే, "ఉంచండి సార్, వేర్వేరు జాతుల చేపలైతే మేం ఫిషెస్ అనే రాస్తాం," అన్నాడు. మాస్టారి చేతిలో రుమాలు ఆగిపోయింది. రెండు రోజులు బీచికి రాలేదు.

మూడో రోజు ఇసుకలో నెత్తళ్లు పోగులు పెట్టుక్కూర్చున్నామె దగ్గర తేలారు. ఆమె సరుకులో వంజరం, చందువ ఒక్కొక్కటే విడిగా ఉన్నాయి. చిన్నవి మాత్రం పోగు లెక్క.

"ఇవెన్నమ్మా?" అన్నారు.

"ఎన్నేటి బాబూ, నెత్తళ్లు ఎవలు లెక్కెడతారు? పోగు నూటిరవై."

అన్‌కౌంటబుల్! మాస్టారి మొహం వెలిగింది. బేరం కూడా ఆడకుండా జేబులోంచి చేతికొచ్చిన నోట్లు తీసి ముడిచి అందించారు. "సరిగ్గా చెప్పావు. డబ్బూ అంతేనమ్మా. ఇంగ్లీషులో మనీ లెక్కకు రాదు."

"మీ ఇంగిలీసుకి రాదేమో గానీ నాకొచ్చు," అని తడి వేళ్లతో నోట్లు విప్పి చూసి, "ఇరవై తక్కువున్నాది," అంటూ ఆయన సంచిలోంచి గుప్పెడు నెత్తళ్లు వెనక్కి తీసుకుంది.