లోపం మురుగు కాల్వలో కాదు, మనసులో ఉందట!

వ్యక్తిగతంగానూ వృత్తిపరంగానూ మనిషి ఎదగాలంటే పక్కన ఒక కోచ్ ఉండి తీరాలన్న సిద్ధాంతం నగరాల్లోని హోటళ్ల సమావేశ మందిరాలు దాటి చిన్న ఊళ్ల కల్యాణ మండపాల దాకా వచ్చింది గనుక, దాన్ని కోనసీమ నేల మీద ఒకసారి నిలబెట్టి చూడటం శాస్త్రరీత్యా అవసరమే. ఇక్కడ కోచింగ్ అంటే ఈఏపీసెట్‌కో డీఎస్సీకో చదివించేది కాదు. అందులో చెప్పేవాడికి ఏదో ఒక విషయం వచ్చి ఉండాలన్న పాతకాలపు నియమం ఇంకా మిగిలి ఉంది. ప్రస్తుతం పరిశీలనకు వచ్చినది జీవన కోచింగ్, అంటే ఎదుటి మనిషికి ఏమీ బోధించకుండా, సలహా కూడా ఇవ్వకుండా, జవాబులన్నీ అతని లోపలే ఉన్నాయని నమ్మబలికి, ప్రశ్నలు మాత్రం అడిగి రుసుము పుచ్చుకునే విద్య. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పినవాడే సొమ్ము చెల్లించే ఏర్పాటు లోకంలో మరెక్కడా లేదు.

ఈ విద్యకు వంశావళి లేకపోలేదు. ఆటగాడి అసలు ప్రత్యర్థి నెట్‌కు అవతల కాక అతని తలలోనే ఉన్నాడని టిమోతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ శిక్షకుడు 1974లో ఒక పుస్తకం రాశాడు. టెన్నిస్ వరకు ఆ మాటలో నిజముంది. 1965లో ఐరోపా టూరింగ్ కార్ల పోటీలో విజేత అయిన సర్ జాన్ విట్మోర్ ఆ ఆలోచనను కంపెనీ కార్యాలయాలకు తరలించి, 1992 నాటి తన గ్రంథం ద్వారా ‘గ్రో’ అనే నమూనాకు విస్తృత ప్రచారం కల్పించాడు. అందులో జి అంటే లక్ష్యం, ఆర్ అంటే ఉన్న వాస్తవం, ఓ అంటే అందుబాటులోని మార్గాలు, డబ్ల్యూ అంటే చేసి తీరాలన్న సంకల్పం. 1995లో అంతర్జాతీయ కోచ్‌ల సమాఖ్య ఏర్పడి ధ్రువపత్రాలు ఇవ్వసాగింది గాని, మన దేశంలో కోచ్‌నని బోర్డు కట్టుకోవడానికి ఆ పత్రం చట్టరీత్యా అక్కర్లేదు. సంతలో కొబ్బరి బొండాలు అమ్ముకునేవాడు మాత్రం ఆశీలు కట్టాలి.

ఇక నమూనాను రాజోలు ప్రాంతంలోని కేశనపల్లికి తీసుకుపోవచ్చు. అక్కడ శంకరగుప్తం డ్రెయిన్ గుండా, పోటు వచ్చినప్పుడల్లా, సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి తోటల్లోకి చేరడం వల్ల, మట్టలు ఎండి రాలిపోయి, మొవ్వు కుళ్లి, నిలువెత్తు మోడులుగా మిగిలిన చెట్లు వరసలు వరసలుగా కనిపిస్తాయి. రైతును లక్ష్యం ఏమిటని అడిగితే చెట్టు బతకాలంటాడు. వాస్తవం ఏమిటని అడిగితే వేళ్ల దగ్గర నిలిచిన నీటిని వేలితో అద్ది నాలుక మీద వేసుకు చూడమంటాడు. మార్గాల దగ్గరకు వచ్చేసరికి శాస్త్రం కొంత ఇబ్బందిలో పడుతుంది, ఎందుకంటే డ్రెయిన్‌లో పూడిక తీయడం, గట్లు ఎత్తు చేయడం, ఉప్పునీటిని ఆపే తలుపులు బిగించడం అన్నవి జలవనరుల శాఖ చేతిలోని పనులు, ఆ శాఖేమో కోచింగ్ పుచ్చుకోవడానికి రాలేదు. అయినా కోచ్ అధైర్యపడడు. నాలుగో అక్షరం మిగిలే ఉంది గనుక, ఒకటి నుంచి పది వరకు ఉన్న కొలబద్దపై మీ సంకల్పబలం ఎంత అని రైతును అడుగుతాడు. తొమ్మిదని చెప్పినా సముద్రం పోటు మానుకోదు. అప్పుడిక తేలేదేమిటంటే, ఆ పదోది లేకపోవడం వల్లనే చెట్లు చచ్చాయన్నమాట.

ఈ తర్కాన్ని 2011 ఖరీఫ్‌కు అన్వయిస్తే మరిన్ని నూతన విషయాలు బయటపడతాయి. సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 1,080 రూపాయల మద్దతు ధర పెట్టుబడికి కూడా చాలదని, మురుగు కాల్వలు పూడి చేలు మునుగుతున్నాయని, కూలీలు దొరకడం లేదని చెప్పి కోనసీమ రైతులు ఆ ఏడు క్రాప్ హాలిడే, అనగా పంటకు సెలవు ప్రకటించి, వేలాది ఎకరాలను బీడు వదిలారు. ప్రభుత్వం అమాయకంగా మోహన్ కందా అధ్యక్షతన ఒక కమిటీ వేసి కారణాలు విచారింపజేసింది. సామర్థ్యం కృషితో పెరుగుతుందని నమ్మేవారు అపజయాన్ని తట్టుకుంటారని అమెరికన్ మనస్తత్వవేత్త కరోల్ డ్వెక్ 2006లోనే పుస్తకం వెలువరించి ఉండగా, కమిటీకి బదులు నలుగురు కోచ్‌లను పంపి రైతుల ఆలోచనా విధానాన్ని దిద్దించి ఉంటే సరిపోయేది. డ్వెక్ పరిశోధన ప్రధానంగా చదువుకునే పిల్లలను గురించినదని, పూడిన కాల్వలను గురించినది కాదని ఎవరైనా అభ్యంతరం చెబితే, అది వారి ప్రతికూల దృక్పథానికి నిదర్శనంగా నమోదవుతుంది.

ఈ శాస్త్రంలో మరో ప్రధాన సూత్రం ‘కంఫర్ట్ జోన్’ విడిచి రావాలన్నది. అలవాటైన సుఖం దాటకుండా ఎదుగుదల లేదని దాని తాత్పర్యం. గోదావరికి వరద వచ్చినప్పుడల్లా కనకాయలంక కాజ్‌వే మునిగి, పాలక్యానుతోనూ బడిసంచితోనూ పడవెక్కే జనం ఆ సూత్రాన్ని ఏటేటా ఆచరిస్తూనే ఉన్నారు. మలికిపురం, సఖినేటిపల్లి పక్క పల్లెల నుంచి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లయితే ఏజెంటుకు అప్పుచేసి మరీ సుఖం విడిచారు. ఇంత దూరం వచ్చినవారికి ఇంకెంత బయటకు రావాలో కోచ్‌లే సెలవివ్వాలి.

న్యాయానికి ఒక మాట ఒప్పుకోవాలి. కార్యాలయ ఉద్యోగుల విషయంలో కోచింగ్ పనితీరుకూ మనసు నెమ్మదికీ కొంత మేలు చేస్తున్నదని, పలు అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి ఒక విశ్లేషణ తేల్చింది. తన పని గంటలనూ తన మాటతీరునూ కొంతైనా మార్చుకోగల మనిషికి, ఓపికగా వినేవాడు దొరకడం లాభమే. అవి మార్చుకోలేనివాడికి కూడా అదే సరుకు అమ్మడంతోనే చిక్కు. నేర్పడమంటే ఏమిటో చూడాలనుకునేవారు కొబ్బరి అభివృద్ధి మండలి అదే 2011లో కేరళలో మొదలుపెట్టిన ‘కొబ్బరి చెట్టు నేస్తాలు’ శిక్షణను చూడవచ్చు. అక్కడ యువకులకు యంత్రం కాళ్లకు తగిలించి చెట్టెక్కడం నేర్పారు, మొవ్వు శుభ్రం చేయడం, తెగుళ్లు గుర్తించడం చూపించారు. పట్టు తప్పుతున్నవాడికి అది తప్పని అక్కడికక్కడే చెప్పాలి; నలభై అడుగుల ఎత్తున ఉన్నవాణ్ణి, ఈ పట్టు గురించి మీకేమనిపిస్తోందని కింద నుంచి అడగడం కుదరదు.

కోనసీమలో ఈ వృత్తి నిలదొక్కుకోవాలనుకునే కోచ్‌లకు స్థానిక మర్యాదల ప్రకారం ఒక ఏర్పాటు చేయవచ్చు. అంబాజీపేట మార్కెట్లో కురిడీ కొబ్బరిని గండేరా, గటగటా అని రకాలు తేల్చి వెయ్యికాయల లెక్కన ధర కట్టినట్టే, ప్రశ్నలను కూడా రాశిపోయించి, తాలు ఏరివేసి, వెయ్యింటికి ఇంతని కొనాలి. చెల్లింపు మాత్రం ధాన్యం పద్ధతిలో జరగాలి. 2022లో కోనసీమ రైతులు మళ్లీ పంటకు సెలవంటూ ముందుకు రావడానికి అమ్మిన ధాన్యం డబ్బు సకాలంలో పడకపోవడం ఒక కారణం గనుక, కోచ్‌కు కూడా ప్రశ్నల్లో తేమ శాతం కొలిచి, సంచులు లేవని నాలుగు రోజులు తిప్పి, రసీదు చేతికిచ్చి, సొమ్ము ఖాతాలో పడుతుందని చెప్పి పంపాలి. సొమ్ము పడేదాకా ఆయన ఇంట్లో కూర్చుని, జి దగ్గర మొదలుపెట్టి డబ్ల్యూ దాకా, నాలుగు అక్షరాలనూ తన మీదే ప్రయోగించుకోవచ్చు.