మసకబాబు

దేవరాపల్లిలో శ్లాబు ఇల్లు కట్టినవాడికి రెండు సరదాలుంటాయి. గృహప్రవేశం నాడు ఇంట్లో ఉన్న ప్రతి లైటూ వేసి ఊరికి చూపించడం మొదటిది. ఆ వెలుగులో ఇల్లంతా ఫొటోలు తీయించుకోవడం రెండోది. రెండోది తీర్చడానికి వచ్చిన మనిషి చెప్పులు విప్పకముందే మొదటిదాన్ని పాడుచేస్తాడు. గుమ్మంలోంచే "ముందా లైట్లన్నీ కట్టేయండి" అంటాడు. ఆయనే మసకబాబు.

అసలు పేరు స్టూడియో బోర్డు మీద ఉంది. బోర్డు ఎండకి వెలిసి, వానకి కారి, అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయి. మార్పించమని ఎవరైనా అంటే ఆయన బోర్డు వంక కాసేపు ప్రేమగా చూసి, "ఇప్పుడే కుదిరింది" అంటాడు.

స్టూడియోకి అన్నం పెట్టేవి పాస్‌పోర్టు సైజు ఫొటోలే. బ్యాంకుకీ, బడికీ, పాసుపుస్తకానికీ అవి కావాలి. వాటిని మాత్రం అప్పు తీరుస్తున్నవాడిలా తీస్తాడు. ఎదురుగా ఫ్లాష్ కొడితే ముఖంలో నీడ మిగలదు, నీడ మిగలని ముఖం ఆయన లెక్కలో ముఖం కాదు. పోనీ ఆరుబయట తీస్తాడా అంటే, అదీ లేదు. పక్కనే రైవాడ జలాశయం, శారదా నది, వెనక కొండల వరస. విశాఖపట్నం కుర్రాళ్లు బళ్లేసుకొచ్చి మరీ ఫోన్లు నింపుకుపోతారు. "అది దేవుడు తీసేసిన ఫొటో. మరి నాను తీసీదేటుంది?" అని కెమెరా అటు తిప్పడు. ఆయనకి నాలుగు గోడలు కావాలి, ఒక కిటికీ కావాలి, మిగతాదంతా చీకటి కావాలి.

ఆయన సంచీలో కెమెరా కన్నా మిగతా సరంజామా ఎక్కువ. సాంబ్రాణి పొట్లం, రెండు పసుపుపచ్చ బల్బులు, వేజలీన్ డబ్బా, ఒక పాత తెల్లపంచె, ఒక ఆడవాళ్ల మేజోడు. ఈ చివరి వస్తువు వల్ల కాపరంలో కొంత గాలిదుమారం రేగింది. పల్చటి పొడుగు మేజోళ్లు తొడిగే ఆడమనిషి మండలం మొత్తంలో లేదు. "కెమెరాకి తొడుగుతాను" అంటే నమ్మే భార్య కూడా లేదు. ఆయన చెప్పింది నిజమే. ఆ వల లాంటి బట్టని లెన్సు ముందు బిగించి కడితే వెలుగున్న చోటునుంచి కాస్త వెలుగు పక్కనున్న చీకట్లోకి ఒలుకుతుంది, అంచులు మెత్తబడతాయి. వేజలీన్ పనీ అదే, కాకపోతే లెన్సుకి కాదు, దాని ముందు బిగించే ఉత్త అద్దానికి రాయాలి. పూర్వపు సినిమా కెమెరామెన్‌లకి ఇవన్నీ తెలిసిన విద్యలే. మసకబాబు మార్కస్ బార్ట్‌లేని "మా గురువుగారు" అంటాడు. 1957లో 'మాయాబజార్' తెర మీద వెన్నెల కాయించిన ఆ మహానుభావుడికి ఈ శిష్యరికం సంగతి తెలిసే అవకాశం లేదు. 1989 'గీతాంజలి' చూశాక దాని కెమెరామన్ పి.సి. శ్రీరామ్ కూడా గురువుల జాబితాలో చేరాడు.

పంచెకి పెద్ద వంశచరిత్రే ఉంది. 1956 నాటి 'అపరాజితో' సినిమా కోసం బెనారస్ ఇంటి సెట్టు వేసినప్పుడు, ముంగిలి పైన తెల్లబట్ట పరిచి, దాని మీదికి లైట్లు కొట్టి, తిరిగొచ్చిన మెత్తటి వెలుగులో కెమెరామన్ సుబ్రత మిత్ర చిత్రీకరించాడు. మసకబాబు తన పంచె చాలకపోతే ఇంటాయన పంచె అడుగుతాడు. ఇవ్వడానికి నసిగితే సుబ్రత మిత్ర కథ మొదలెడతాడు. కథ సగంలో ఉండగానే పంచె చేతికొస్తుంది.

బల్బుల సంగతి మరీ గొడవ. ఇప్పుడు కొట్లో అమ్మే తెల్ల ఎల్‌ఈడీలు చాలావరకు 6500 కెల్విన్‌వి. వాటి కింద అన్నం, గోడ, అత్తగారు అన్నీ ఒకే నీలిపాలిపోయిన రంగు. ఆయన స్టూలెక్కి అవి విప్పేసి, తన 2700 కెల్విన్ పసుపు బల్బొకటి మూలగా పెట్టి, సాంబ్రాణి రాజేస్తాడు. ఆ వాసనకి లోపల్నుంచి ముసలమ్మ చెంగు సర్దుకుని దణ్ణం పెట్టుకుంటూ వస్తుంది. ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టి "అలాగే ఉండమ్మా" అంటాడు. పొగలోంచి దిగిన ఎండచార ఆమె ముక్కుపుడక మీద వాలుతుంది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయన మీద కోపం ఉండదు.

"ఏటి బాబూ, ఇంత చీకటి చేసీసినావు, కరెంటు బిల్లు కట్టలేదనుకుంటారు చూసినోళ్లు" అంటాడు ఇంటాయన.

"నీడలుండాలండి. నీడ నేకపోతే గ్లో రాదు" అంటాడు మసకబాబు.

ఎక్స్‌పోజరు కిటికీకి సరిపెడతాడు గనక గది మూలలు వాటంతటవే నల్లబడతాయి. తరవాత కంప్యూటరులో అదే ఫొటోకి నకలు తీసి, దాన్ని బాగా మసకచేసి, అసలుదాని మీద పలచగా పరుస్తాడు. గీత కింద స్పష్టంగా ఉంటుంది, దాని మీంచి వెలుగు పొంగుతుంది. 1980లలో కెనడా ఫొటోగ్రాఫరు మైఖేల్ ఆర్టన్ దీన్ని స్లయిడ్లతో చేశాడు. ఫోకసు కుదిరింది ఒకటి, తప్పించింది ఒకటి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. కలిపితే చిక్కబడి చీకటవుతాయని రెండింటికీ ముందే ఎక్కువ వెలుతురు తగలనిచ్చాడు. ఈ కథ మసకబాబు ప్రతి పెళ్లి బంతిలోనూ చెప్తాడు. ఊళ్లో సగంమంది ఆర్టనుగారిది చోడవరం అనుకుంటారు.

ఫొటోలు వచ్చాక అసలు రభస. "నాలుగు లక్షలెట్టి ఫాల్ సీలింగ్ ఏయించినాను, ఏదీ?" "నీడలో ఉందండి." "సోఫా?" "దాని చెయ్యి కనబడతంది చూడండి." కనబడేదల్లా కిటికీ గట్టు మీద మర్చిపోయిన స్టీలు గ్లాసు. అది మాత్రం దేవుడి గదిలో పెట్టుకోదగ్గంతగా మెరుస్తూ ఉంటుంది.

ఇక్కడ నేను ఎటూ తేల్చుకోలేను. ఇల్లంటే వేసిన లైట్ల లెక్కే అని నమ్మే ఊళ్లో, ఒక మూల చీకటిని కాపాడడానికి ఇంత తాపత్రయపడేవాడు అవసరమే. చిక్కల్లా ఏమిటంటే ఆయనకి ఆగడం తెలియదు. వెలుగు ఒకటి రెండు చోట్ల పొంగితే కల. కంప్యూటరులో ఆ మసక మీటను చివరిదాకా లాగితే గోడలు, గిన్నెలు, గేదెల కొట్టం, కొత్త బాత్రూము అన్నీ ఒకేసారి పొంగుతాయి. అలాంటి ఒక ఫొటోని ఓ తాత చాలాసేపు చూసి, "నాకు రోజూ ఇలాగే కనబడతంది బాబూ. శుక్లాలట, ఆపరేషన్ చేయించుకోమన్నారు" అన్నాడు. మసకబాబు అది మెచ్చుకోలు కిందే తీసుకున్నాడు.

ఆయన తీసిన వాటిలో నాకు నచ్చింది ఒక్కటే, దాంట్లో ఏ మీటా లాగలేదు. సంక్రాంతి రోజుల్లో, పొద్దు పొడిచాక, బెల్లం వండే పాకలో తీశాడు. పెనంలో చెరకు రసం మరుగుతోంది, కింద పిప్పి మండుతోంది, తాటాకు సందుల్లోంచి దిగిన ఎండ ఆవిరికి తగిలి కమ్మీల్లా నిలబడింది. తెడ్డు పట్టుకున్న మనిషి ఆకారం నల్లగా, పెనం అంచు బంగారంగా. "ఈ పొగ నీకు కళ, మాకు కళ్లమంట. బేగి తీసీ ఎల్లు" అన్నాడట ఆ మనిషి. అందుకే కాబోలు, అందులో అతి లేదు. దాన్ని ఎవరూ కొనలేదు. ముఖం తెలియని ఫొటోకి డబ్బులెవరిస్తారు?

ఆయన కీర్తి పతాకస్థాయికి చేరింది మాత్రం ఒక పెళ్లి సంబంధం దగ్గర. ఆడపిల్లవారి ఇంటి ఫొటో ఒకటి మధ్యవర్తి ఫోను ద్వారా మగపెళ్లివారికి చేరింది. వాళ్లు మాడుగుల హల్వా పట్టుకుని వచ్చారు. కాఫీలయ్యాక పెళ్లికొడుకు మేనమామ ఫోను చేత్తో పట్టుకుని ముందుగది, పడగ్గది, వంటగది, పెరడు తిరిగొచ్చి, "ఏవండీ, ఈ ఫొటోలో గది ఏదండీ?" అనడిగాడు.

"మీరు కూకున్నదేనండి బాబూ" అన్నాడు పిల్ల తండ్రి.

మేనమామ ట్యూబులైటు వంక చూశాడు, ఫోను వంక చూశాడు. పిల్ల తండ్రి గుట్టుగా పెరటి దారిన మనిషిని పంపాడు. మసకబాబు సంచీతో సహా దిగి, చెప్పులు విప్పకుండానే గదంతా ఒకసారి కలయజూశాడు. "ఒక్క పది నిమిషాలు బయట కూకోండి. ఆ పంచె ఇలాగియ్యండి" అన్నాడు మేనమామతో.