ఊరేగే బండి, ఊరుకోని బాబాయి

ప్రతి ఊళ్లోనూ ఒక బాబాయి ఉంటాడు. కంపెనీవాళ్లు ఇచ్చిన బండిని ఇచ్చినట్టే నడపడం ఆయన దృష్టిలో వంశానికి తలవంపు. పూజలో పెట్టిన నిమ్మకాయ చక్రం కింద నలిగిందో లేదో, బండి తిన్నగా రేడియం కటింగు షాపుకి పోవాల్సిందే. వెనక ఇలవేల్పు, పక్కన కూతురి పేరు, ముందు అద్దం మీద అభిమాన హీరో. తర్వాత అలాయ్ చక్రాలు, ఆ తర్వాత రంగులు మార్చే లైట్లు, చివరికి నెలల తరబడి టింకరింగు షెడ్డులో కాపురం. అక్కడ కుర్రాడు లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, నీళ్లు కొట్టి ‘అయిపోయిందండి’ అంటాడు. బాబాయి కళ్లు మూసుకుని బొటనవేలితో రేకంతా తడిమి, ‘ఇక్కడ చెయ్యి ఆగుతోందిరా’ అంటాడు. కుర్రాడు మళ్లీ మొదలెడతాడు. పిఠాపురంలో ఈ జాతిని గుర్తుపట్టడం ఒకప్పుడు తేలికే. 2024 ఎన్నికల తర్వాత ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని రాసుకున్న బళ్లు రాష్ట్రమంతా తిరగడం మొదలెట్టాక, వాటిలో అసలు పిఠాపురం బాబాయిలు ఎందరో తేల్చడం ఎవరి వల్లా కాదు.

వీళ్ల మీద పెద్దమనుషుల తీర్పు ఎప్పుడూ ఒకటే: ఒళ్లు కొవ్వు, లేదంటే బుర్ర తక్కువ. ఈ తీర్పు చెల్లదని నా వాదన. మైలేజీ ఎంత, స్పీడెంత, సామాను ఎంత పడుతుంది అన్నవి ప్రయాణం చేసేవాడు వేసే లెక్కలు. బాబాయి ఊరేగేవాడు. ఆయన షెడ్డులో తయారవుతున్నది రథం. రథాన్ని లీటరుకి ఎన్ని కిలోమీటర్లిస్తుందని అడగడం అడిగినవాడి తప్పు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే, పిచ్చిలా కనబడిన ఆయన అలవాట్లన్నీ ఒక క్రమంలోకి వస్తాయి.

నా వైపు మొదటి సాక్షి హైదరాబాదు బహదూర్‌పురాలో ఉన్నారు. సుధాకర్ యాదవ్ చదువుకునే వయసులోనే సైకిళ్లతో మొదలెట్టి, పాత సామాను పోగేసి, 2010లో సొంతంగా సుధా కార్స్ మ్యూజియం తెరిచేదాకా వచ్చారు. అంతకుముందే, 2005 జులై 1న, ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకానికెక్కారు. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, చక్రం వ్యాసం 17 అడుగులు. దానిమీద ఎవరూ కొత్తిమీర కట్ట కోసం బజారుకెళ్లరు. ఆయన మ్యూజియంలో వంకాయ ఉంది, బర్గరు ఉంది, క్రికెట్ బ్యాటు, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు, ఎత్తు మడమల చెప్పు, ఆఖరికి కమోడు కూడా. అన్నీ నడిచే బళ్లే. మహిళా దినోత్సవానికి చెప్పు, పొగాకు వ్యతిరేక దినానికి సిగరెట్టు, ఇలా పంచాంగం చూసుకుని మరీ చేశారాయన. 2020లో కరోనా వస్తే వైరస్ ఆకారంలోనే కారు కట్టారు: ఆరు చక్రాలు, 100 సీసీ ఇంజిను, వేగం గంటకి 40 కిలోమీటర్లు. ఇదంతా ఆటబొమ్మల వ్యవహారమనేవాళ్లు ఒక్కసారి వంకాయకి చక్రాలు బిగించే పని మనసులో చేసి చూడాలి. గుండ్రటి పొట్ట కింద చక్రం పక్కకి తిరగాలంటే లోపల ఎంత జాగా వదలాలి? ఇంజిను వేడి ఎటు పోవాలి? తలుపెక్కడ? నడిపేవాడు ఎటునుంచి చూడాలి, చూస్తూ కూడా వంకాయలా ఎలా కనబడాలి? మామూలు కారు కట్టే ఇంజనీరుకి ఈ బాధల్లో సగం ఉండవు. పైగా ఆ 40 కిలోమీటర్ల వేగం లోపమేమీ కాదు. అంతకు మించి పోతే జనానికి కనబడదు, కనబడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇదేదో మన దగ్గరే ఉన్న జబ్బనుకోకండి. అమెరికాలో డెట్రాయిట్ ఆటోరమా ప్రదర్శనలో 1964 నుంచి ఇస్తున్న రిడ్లర్ అవార్డు ప్రపంచ బాబాయిలందరికీ కలికితురాయి. దానికి పోటీపడే కారు అంతకుముందు మరే ప్రదర్శనలోనూ జనం కంటబడి ఉండకూడదు. ఏళ్లకేళ్లు షెడ్డులో దాచి, మూసిన ట్రెయిలరులో మోసుకొచ్చి, అక్కడే ముసుగు తీస్తారు. ఇలాంటి ప్రదర్శనల్లో కారు కింద అద్దాలు పరచడం కూడా రివాజు. ఎవరి కంటా పడని అడుగు భాగానికి సైతం బానెట్టుకి వేసినంత శ్రద్ధగా రంగు వేసి ఉంటారు, అది న్యాయనిర్ణేతలు వంగకుండానే చూడాలి. ఈ అద్దాల సంగతి పిఠాపురంలో తెలియకపోవడం మన అదృష్టం. ఇక జార్జ్ బారిస్ అనే హాలీవుడ్ బాబాయి ఫోర్డ్ కంపెనీ మూలన పడేసిన లింకన్ ఫ్యూచురా అనే 1955 నాటి నమూనా కారుని ఒక్క డాలరుకి తీసుకుని, టీవీలో బ్యాట్‌మన్ తిరగడానికి మార్చి ఇచ్చాడు. 2013లో అది వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. కంపెనీ చేతిలో డాలరు, బాబాయి చేతిలో 40 లక్షలు. మన పెద్దమనుషులు ఈ లెక్క కాస్త నిదానంగా చదువుకుంటే మంచిది.

మనవైపు సాక్ష్యాలకి అంత దూరం పోనక్కర్లేదు. కోనసీమ జగ్గన్నతోటలో కనుమనాడు పదకొండు ఊళ్ల ప్రభలు కలుస్తాయి. పచ్చటి వరిచేలకి అడ్డంపడి, కౌశికలోకి దిగి, భుజాల మీద మోసుకొస్తారు. చుట్టూ రోడ్డుంది కదా, ట్రాక్టరుందిగా అని ఎవరూ సలహా ఇవ్వరు. తొక్కుడుపడిన చేను తనదైనందుకు రైతు సంతోషిస్తాడు. ఆ ప్రభల తీర్థమే 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటమై ఢిల్లీలో కదిలింది. రాజకీయాలకొస్తే, 1982లో ఎన్టీ రామారావు షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసుకుని ఊరూరా తిరిగారు. ఓటేసినవాళ్లలో ఎవరికీ ఆ వ్యాను ఇంజిను ఊసే పట్టలేదు. 2022 చివర్లో పవన్ కళ్యాణ్ ప్రచార వాహనం వారాహి బయటికొచ్చినప్పుడు రాష్ట్రమంతా రోజుల తరబడి వాదించుకున్నది దాని రంగు గురించి. ఆకుపచ్చల్లో ఇన్ని రకాలున్నాయని చాలామందికి అప్పుడే తెలిసింది. రేకు తడిమే బాబాయి ఈ పరంపరలో ఆఖరివాడు, అంతే.

అభ్యంతరాలు లేవని కాదు. దుబారా అంటారు. అంతర్వేది రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే 2021 ఫిబ్రవరికల్లా కొత్తది తయారైంది. ఏడాదికోసారి కదిలేదానికి ఇంత ఖర్చేమిటని ఎవరూ నోరెత్తలేదు. దేవుడికి చెల్లింది బాబాయికి చెల్లదంటారా? చెల్లకపోవచ్చు, కానీ అది భక్తి మీద అభ్యంతరం, ఖర్చు మీద కాదు. అభిరుచి లేదనేవాళ్లు తమ ఇంట్లో ఫ్రిజ్ మీద కుట్టుపని గుడ్డనీ, టీవీ రిమోటుకి తొడిగిన ప్లాస్టిక్ కవరునీ ఒకసారి చూసుకుని రావాలి, మా ఇంటితో సహా. గట్టి అభ్యంతరం చట్టానిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి స్వరూపం మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ కంపెనీ ఇచ్చిన నమూనాకి విరుద్ధంగా మార్పులు కుదరవంది. ఈ తగాదా కొత్తది కాదు. 1910లో కలకత్తాలో మాథ్యూసన్ అనే దొర హంస ఆకారంలో కారు చేయించుకుని, ముక్కులోంచి ఆవిరి చిమ్మిస్తూ, వెనకనుంచి రెట్టలాగా సున్నం జారవిడుస్తూ తిరిగితే, పోలీసులు రోడ్డెక్కవద్దన్నారు. ఆ హంస ఇప్పుడు నెదర్లాండ్స్‌లో ఒక మ్యూజియంలో భద్రంగా ఉంది. రోడ్డు మీద నేరమైంది గదిలో కళ అవుతుందన్నమాట, సుధాకర్ ఎంచుకున్న దారీ అదే. అయితే ఒక్కచోట నేను బాబాయిని వదిలేస్తాను: సైలెన్సరు. రథాన్ని చూడ్డం ఇష్టంలేనివాడు తల తిప్పుకోవచ్చు, చెవిని తిప్పుకునే ఏర్పాటు మనిషికి లేదు. పోలీసులు సైలెన్సర్లు వరసగా పేర్చి రోడ్డురోలరు ఎక్కిస్తున్న ఫోటోలు పేపర్లో పడినప్పుడల్లా నా సానుభూతి రోలరుకే.

వీటన్నిటికీ జవాబుంది గానీ, ఒక్కరి ప్రశ్నకి మాత్రం నా సిద్ధాంతంలో జవాబు లేదు. ఆవిడ బాబాయి భార్య. ధాన్యం బస్తాలు వీధి అరుగు మీదకి వచ్చి, కారు పోర్టికోలో ముసుగేసుకుని కూర్చుని ఏడాదైంది. ‘ఏవండీ, ఇందులో పిల్లల్ని ఎక్కించుకుని ఒక్కసారి అన్నవరం వెళ్లొద్దామా?’ అని అడుగుతుంది ఆవిడ. బాబాయి బొటనవేలితో తలుపంచు తడుముతూ, ‘ఇప్పుడెలాగే? ఇంకా ఒక కోటింగుంది. సీట్ల కవర్లు కూడా తియ్యలేదు’ అంటాడు. ఆవిడ చెప్పులేసుకుని బస్టాండుకి బయల్దేరుతుంది.