స్లీప్ 30 భక్తసమాజం

లినక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ 260తో పాత ఇనిట్ స్క్రిప్టులకూ, వాటితోపాటు బూట్ చివర్లో నడిచే ఆర్‌సీ లోకల్ ఫైలుకూ చెల్లుచీటీ ఇస్తామన్న ప్రకటన వచ్చిందో లేదో, మన అడ్మిన్‌లు నల్లబ్యాడ్జీలు పెట్టేసుకున్నారు. యూనిక్స్ సంప్రదాయం గంగలో కలిసిందట. ఏ పనైనా ఆ ఒక్క ఫైలు అడుగున ఓ లైను రాసి చేతులు దులుపుకునే స్వాతంత్ర్యం పోయిందట. నిజమే, రాసిందెవరో ఎందుకో అడిగే దిక్కులేని స్వాతంత్ర్యం మరెక్కడ దొరుకుతుంది? అంత ప్రేమే ఉంటే ఆ ఫైలును నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలు నాలుగైదు లైన్లలో ఎవరైనా రాసుకోవచ్చు. అదీ రాయరు.

ఈ భక్తుల మూలమంత్రం స్లీప్ 30. నెట్‌వర్క్ రాకముందే లేచిన ప్రోగ్రాం డేటాబేస్ దొరక్క చస్తోందా? కారణం వెతకడమెందుకు, ముప్పై సెకన్లు నిద్రపుచ్చితే సరి. ముప్పై ఎలా తేల్చారు? పది చాల్లేదు కనుక. ముప్పై చాలకపోతే అరవై. అదీ చాలకపోతే కింద మళ్లీ అదే ప్రోగ్రాం, మొదటిది ఎలాగూ చస్తుందన్న ధీమాతో. ఖర్మకాలి రెండూ బతికితే ఒకే పోర్టు కోసం కొట్టుకుంటాయి, అప్పుడు మధ్యలో ఇంకో స్లీప్. హైదరాబాద్‌లో ఏసీ గదిలో, లీజ్డ్ లైను మీద కుదిరిన ఈ లెక్కనే ఏటూరునాగారం అడవి ప్రాంతపు ఆఫీసులకూ పంపిస్తారు. 2023 జులైలో జంపన్నవాగు కొండాయిని ముంచెత్తిన చోట, 2024 ఆగస్టు 31న ఒక్క గాలికి తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలిన చోట, కరెంటు ఎప్పుడొస్తుందో, వచ్చాక మోడెం ఎంతసేపటికి కుదుటపడుతుందో ఏ ముప్పై చెబుతుంది? అక్కడ మిషన్ తనంతట తాను లేవకపోతే లేపేవాడు ఉండడు. దరఖాస్తు పట్టుకుని గూడెం నుంచి వచ్చిన మనిషికి ‘సర్వర్ డౌన్’ అని చెప్పి పంపేస్తారు. ఆయన పోగొట్టుకున్న కూలి స్క్రిప్టు రాసినవాడి జీతంలోంచి కోయరు. బద్ధకానికి సింప్లిసిటీ అని పేరు పెట్టుకోవడం సిగ్గుచేటు. నెట్‌వర్క్ వచ్చాకే మొదలవ్వమని రెండు లైన్లు, పడిపోతే కాస్త ఆగి మళ్లీ లేవమని రెండు లైన్లు, ఇంతే కదా రాయాల్సింది! ఆ ‘కాస్త ఆగి’ మరవకూడదు, లేకపోతే పది సెకన్లలో ఐదుసార్లు లేచిపడి సిస్టమ్‌డీ కూడా చేతులెత్తేస్తుంది.

సిస్టమ్‌డీ అన్నింటినీ మింగేస్తోందంటారు. మింగుతోంది, లాగుల దగ్గర్నుంచి లాగిన్‌ల దాకా. కానీ ఎవరి తర్వాత ఎవరు లేవాలో రాసుకోవడం దాని సొత్తు కాదు. 2000లోనే, యూనిక్స్ వారసుడైన నెట్‌బీఎస్‌డీ 1.5లో ప్రతి స్క్రిప్టూ తనకేం కావాలో తలమీదే చెప్పుకుంది, ఆర్‌సీఆర్డర్ అనే ప్రోగ్రాం వాటిని వరుసలో పెట్టింది. ఓపెన్‌బీఎస్‌డీ అయితే ఆర్‌సీ కాన్ఫ్‌ను ముట్టుకోవద్దు, మీ మార్పులు ఆర్‌సీ కాన్ఫ్ లోకల్‌లో రాసుకోండి అని ఏనాడో గీత గీసింది. ప్యాకేజీవాడిది ప్యాకేజీవాడికి, ఊరిది ఊరికి. సంప్రదాయం పేరుతో ఏడుస్తున్నవాళ్లు కాలరాసింది ఈ సంప్రదాయాన్నే. యూఎస్‌ఆర్ కింద ప్యాకేజీ యూనిట్‌నే దిద్ది, అప్‌డేట్ దాన్ని తుడిచేస్తే అప్‌డేట్‌ను తిట్టేవాళ్లూ వీళ్లే.

నడుస్తున్నదాన్ని కెలకడమెందుకన్నది చివరి వాదన. ఏడాదిగా రీబూట్ కాని మిషన్ స్టార్టప్ సవ్యంగా ఉందని ఎవరికి తెలుసు? ఒక్కసారి మా ముందు రీబూట్ చేసి చూపించమనండి. చేయరు.