మామ కాతా, నా బ్యాకెండు

కంప్యూటర్ విద్య నేర్పేవాళ్లంతా ఒకే ఊరివాళ్లేమోనని నాకు అనుమానం. ఏ వీడియో తెరిచినా మొదటి ప్రాజెక్టు 'టు-డూ లిస్ట్', అంటే చేయాల్సిన పనుల చిట్టా. మే నెల కర్నూల్లో మనిషికుండే పనులు రెండే: నీళ్లు పట్టుకోవడం, నీడ పట్టున పడుండడం. వీటిని గుర్తుంచుకోవడానికి డేటాబేస్ ఎందుకు? రెండో ప్రాజెక్టు వాతావరణం చెప్పే యాప్. మా ఊరికి దానికీ సర్వరు అక్కర్లేదు. 'ఎండ' అని బోర్డు రాయించి మార్చిలో కొండారెడ్డి బురుజుకు వేలాడదీసి, జూన్‌లో దించేస్తే చాలు.

నేను బళ్లో లెక్కల అయ్యవారిని. వేసవి సెలవుల్లో ఊరికే ఉండలేక బ్యాకెండ్ నేర్చుకుందామని కూచున్నా. బ్యాకెండ్ అంటే ఏమిటని ఎవరైనా అడగ్గానే హోటలు, వంటగది అని పోలిక మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను పెట్టను. మీరు ఫోన్లో బొత్తాం నొక్కితే, వెనకాల కంటికి కనపడకుండా లెక్క రాసుకుని, అడిగినప్పుడు తీసిచ్చే భాగం అది. అంతే.

మా కాలంలో ఈ చదువు కావాలంటే పెట్టె సర్దుకుని హైదరాబాద్ అమీర్‌పేటకు బస్సెక్కాల్సిందే. ఇప్పుడు ఇడుపులపాయలో 2008 నుంచీ ట్రిపుల్ ఐటీ ఉంది, కర్నూలుకు 2015లో ఐఐఐటీడీఎం వచ్చి జగన్నాథగట్టు ఎక్కి కూచుంది. అక్కడ చదివే మా తమ్ముడి కొడుకు ఒకే మాట చెప్పాడు. "పెదనాన్నా, వీడియోలు చూస్తే రాదు. ఎవరికైనా పనికొచ్చేది ఒకటి కట్టు. వాళ్లు తిట్టే కొద్దీ వస్తుంది."

తిట్టడానికి మనిషి కావాలంటే మా వంశంలో కొరత లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కడప చేరాను. అక్కడ ఏడు రోడ్ల కూడలికి కాస్త దూరంలో మా మేనమామకు కిరాణా కొట్టు ఉంది. అమ్మకంలో సగం అప్పు మీదే. ఆ అప్పులన్నీ ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి కాతా పుస్తకంలో ఉంటాయి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నాను.

"ఏం చేచ్చాండావ్ రా, బళ్లో జీతం చాల్లేదా?" అన్నాడు మామ. అయినా పుస్తకం ఇచ్చాడు.

బ్యాకెండ్ కట్టడానికి నేను ఎంచుకున్న పనిముట్టు ఫ్లాస్క్. 2010లో ఆర్మిన్ రోనాకర్ అనే ఆస్ట్రియా కుర్రాడు ఏప్రిల్ ఒకటిన పరాచికానికి ఓ చిన్న ప్రోగ్రాం వదిలితే, జనం నిజమేననుకుని ఎగబడ్డారు. ఆ పరాచికంలోంచే ఫ్లాస్క్ పుట్టింది. మామ కొట్టుకు ఇదే తగినదనిపించింది.

మొదటి పాఠం పుస్తకం మొదటి పేజీలోనే తగిలింది. పట్టికలో ప్రతి మనిషికీ ఇంకొకరికి లేని గుర్తు ఒకటి ఉండాలి, దాన్నే ప్రైమరీ కీ అంటారు. పేరే పెడదామనుకుంటే కాతాలో ఉన్నది నలుగురు దస్తగిరిలు. మా సీమలో ఆ పేరు హిందువులూ పెట్టుకుంటారు, ముస్లిములూ పెట్టుకుంటారు కాబట్టి అంతకంటే తక్కువ ఉంటే ఆశ్చర్యపడాలి. మామకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దస్తగిరి (సైకిల్), దస్తగిరి (బోరుబండి), దస్తగిరి (మిట్టమీద), దస్తగిరి (మంచోడు) అని రాసుకున్నాడు. నాలుగో బ్రాకెట్ చూశాక మిగతా ముగ్గురి గురించి అడగబుద్ధి కాలేదు.

"సైకిల్ దస్తగిరి ఇప్పుడు మోటార్ సైకిల్ మీద తిరుగుతున్నాడు కదా మామా, మార్చేద్దామా?" అన్నాను.

"బండి కొంటే మనిషి మారతాడా? వాడు సచ్చేదాకా సైకిల్ దస్తగిరే."

ప్రైమరీ కీని ఒకసారి ఇచ్చాక మార్చకూడదని పాఠ్యపుస్తకాలు రెండు పేజీలు రాస్తాయి.

పేర్లు తెలుగులో ఎక్కించాను. తెర మీద ప్రతి దస్తగిరీ వరసగా ఎనిమిది ప్రశ్నార్థకాలై కనపడ్డాడు. మన కంటికి ఆ పేరు నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో దకారం, సకారం, పొల్లు, తకారం, ఇలా గుడులతో సహా అన్నీ విడివిడిగా లెక్కపెడితే 8. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 24 బైట్లు. నేను వాడిన డేటాబేస్ పాత మైఎస్‌క్యూఎల్. దానికి మనం ప్రత్యేకించి చెప్పకపోతే లోకమంతా లాటిన్ అక్షరాలే రాస్తుందని నమ్మకం. 2018లో 8.0 వచ్చాకే ఆ నమ్మకం వదులుకుంది. నేను కంగారు పడుతుంటే మామ తెర మీదికి వంగి చూసి, "సరిగానే ఉండాది లే. అప్పడిగితే అందరూ ఇట్లే మొగం పెడతారు" అన్నాడు.

తర్వాత పైసలు. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. దశాంశాలను అది రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది గనక 0.1ని కచ్చితంగా రాయలేదు. ఇది గొప్ప వింతగా మామకు చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని అడిగాడు: "ఆ చివర్న నాలుగుండాదే, అది ఎవురి కాతాలో రాసినావు?" ఆ రోజే డబ్బంతా పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా పెట్టేశాను. బ్యాంకు సాఫ్టువేర్లు రాసేవాళ్లకు ఈ ప్రశ్న గోడ మీద రాసిపెట్టాలి.

అన్నిటికంటే పెద్ద గొడవ 'డిలీట్' బొత్తాం దగ్గర వచ్చింది. తప్పు పడితే తీసేయడానికి ఎర్ర బొత్తాం ముచ్చటగా పెట్టాను. మామకు కోపం వచ్చింది. కాతా పుస్తకంలో ఆయన ఏనాడూ ఒక అంకె చెరపలేదు. తప్పుంటే దాని మీద సన్నగా ఒక్క గీత గీసి, కింద కొత్త లెక్క రాసి, పక్కన పొడి సంతకం. గీత కింద పాత అంకె ఇప్పటికీ చదవొచ్చు. "కనపడకుండా చెరిపినోడు దొంగ. కనపడేట్టు కొట్టేసినోడు వ్యాపారి" అన్నాడు. దీన్నే ఆడిట్ లాగ్ అని ఇంగ్లీషులో పేరు పెట్టి పెద్ద కంపెనీలవాళ్లు సదస్సుల్లో ఉపన్యాసాలిస్తారు. ఎర్ర బొత్తాం పీకేశాను.

కడపలో ఉండగా నాకు బాగా వంటబట్టిన ఇంకో సంగతి, జిల్లా పేరు ప్రతి వరసలో రాయకూడదని. పట్టికల డేటాబేస్‌కు ఆద్యుడైన ఎడ్గర్ కాడ్ 1970లో చెప్పిందీ అదే: ఒక విషయం ఒక్కచోటే ఉండాలి, మిగతా చోట్ల దానికి గుర్తు ఉంటే చాలు. ఐబీఎంలో కూచుని ఆయన ఎందుకు చెప్పాడో గానీ, మా జిల్లాల కోసం చెప్పినట్టే ఉంది. కడప స్పెల్లింగు 2005లో మారింది, 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. మామకు సరుకు పంపే బేతంచెర్లవాళ్లు 2022 ఏప్రిల్ 4 పొద్దున నిద్ర లేచేసరికి నంద్యాల జిల్లాలో ఉన్నారు. జిల్లాలకు వేరే పట్టిక పెట్టి, మిగతా చోట్ల అంకె వేశాను. ఇక ప్రభుత్వాలు ఏమైనా చేసుకోవచ్చు, నేను ఒక్క గడి దిద్దుతాను.

ప్రోగ్రాం కాలం సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తా. సర్వర్ల పద్ధతిలో దానికి గ్రీనిచ్ లెక్క పెట్టాను, మనకంటే అయిదున్నర గంటలు వెనక. పొద్దున అయిదుకు మామ పాలు పోస్తే నిన్న రాత్రి పదకొండున్నరకు పోసినట్టు పడింది. ఆ వేళప్పుడు కొట్టు ఎందుకు తెరిచావని అత్త నిలదీసింది. ఆ ఇంటి విషయాల్లోకి మనం పోవద్దు.

అప్పటిదాకా ప్రోగ్రాం నా ల్యాప్‌టాప్‌లోనే తిరుగుతోంది. అందరికీ అందాలంటే అద్దె సర్వరులో పెట్టాలి. అమెజాన్‌ది ముంబైలో ఉందన్నాను.

"కడపోళ్ల అప్పులు బొంబాయోళ్లకు ఎందుకురా?"

2022 నుంచి హైదరాబాద్‌లోనూ ఉందన్నాను. కాస్త మెత్తబడ్డాడు. "అయితే సరే. మా రెండోవాడు ఆడే ఉండాడు, ఆదివారం పోయి చూసొస్తాడు."

కర్నూలుకు తిరిగొచ్చేసరికి నా పేరు పాకిపోయింది. సి.క్యాంపులో, అంటే 1953లో ఈ ఊరు రాజధానిగా ఉన్నప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన పేటలో, నీళ్ల ట్యాంకర్ నడిపే ఒకాయన పట్టుకున్నాడు. ఆయన కొడుకు నా దగ్గర తొమ్మిది చదివాడు. ఫోన్లో ట్యాంకర్ బుక్ చేసుకునే ఏర్పాటు కావాలట. చేశాను. మెసేజ్ ఇంగ్లీషులో అయితే 160 అక్షరాలు, తెలుగులో 70 దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. అందుకని గౌరవాలన్నీ తీసేసి 'నీళ్లు వస్తాయి' అని మాత్రం పెట్టాను.

ఒకనాటి సాయంత్రం ఒకే ట్యాంకర్ మిగిలింది. ఒకే క్షణంలో ఇద్దరు ఇల్లాళ్లు బొత్తాం నొక్కారు. ప్రోగ్రాం మొదటావిడకు ఒకటుందని చూసింది, రాసేలోపు రెండో ఆవిడకూ ఒకటుందని చూసింది, ఇద్దరికీ సరేనంది. దీన్ని రేస్ కండిషన్ అంటారు. మందు ఏమిటంటే, చూసేటప్పుడే ఆ వరసకు తాళం వేయడం. ఎక్కడ వేయాలో తేలక ముందు లాగ్ ఫైలు తవ్వాల్సి వచ్చింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతారే, అచ్చం అదే పని. కాకపోతే వాళ్లకు అప్పుడప్పుడూ దొరుకుతుంది.

నేను తవ్వుతుండగానే డ్రైవరు ఇద్దరికీ సగం సగం పోసి వచ్చేశాడు. ట్రాన్సాక్షన్ అంటే మొత్తం జరగాలి, లేదా అసలు జరగకూడదు, సగంలో ఆగడం నిషిద్ధమని ఆయనకు చెప్పాను. "సారూ, మీ రూలు బాగుంది. కానీ దాహం రెండిళ్లలోనూ ఉంది కదా" అన్నాడు. ఇద్దరి దగ్గరా పూర్తి డబ్బు తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

దసరా సెలవులకు మళ్లీ కడప పోయాను. దోసె బండి దగ్గర నిలబడితే ఒక పెద్దాయన వచ్చి, వద్దన్నా వినకుండా నాకూ ఒక కారం దోసె చెప్పాడు. పెనం మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, అంచులు కరకరలాడేదాకా బండివాడు కాల్చిచ్చాడు. సగం తిన్నాక పెద్దాయన గొంతు తగ్గించాడు. తాను దస్తగిరినట. ఏ దస్తగిరి అని నేను అడగాల్సి వచ్చింది. మంచోడట.

"మీ మామ కాతాలో నా పేరు కాడ 6,400 ఉండాది. చివర్న ఒక సున్నా తీసేయల్ల సారూ. నువ్వు చేసిందే గదా."

తీయడానికి బొత్తాం లేదన్నాను. దొడ్డిదారిన పోయి తీసినా, ఎవరు తీశారో ఏ గంటకు తీశారో పక్కనే పడుతుందన్నాను.

"చేసినోడివి నీకే కాదా?"

"నాకే కాదు."

ఆయన కాసేపు నన్నూ దోసెనూ మార్చి మార్చి చూశాడు. చెయ్యి కడుక్కుని, బండివాడితో, "ఈ రెండు దోసెలూ సారు లెక్కలో రాయప్పా" అని నడుచుకుంటూ పోయాడు.

బండివాడు చిన్న నోటుబుక్కు తీసి, పెన్సిలు చెవి మీంచి లాగి, "యే సారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు తనే బ్రాకెట్ పెట్టి 'కంప్యూటర్' అని రాసుకున్నాడు.