నువ్వంటే, అనగా: ఒక చైనా ప్రేమవాక్యానికి పెనుబల్లి టీక

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలిచెలమ మల్లినాథసూరి మెతుకుసీమవాడు. అమరుక శతకానికి ‘శృంగారదీపిక’ రాసిన పెదకోమటి వేమారెడ్డి ఏకంగా కొండవీటి రాజు. రాజ్యం ఏలుతూ, యుద్ధాలు చేస్తూ కూడా, ప్రియుడు గుమ్మంలోకి రాగానే ప్రియురాలు మొహం ఎందుకు తిప్పుకుందో విడమరిచి చెప్పే తీరిక చేసుకున్నాడాయన. మన దగ్గర ప్రేమించడం కంటే ప్రేమకు వ్యాఖ్యానం రాయడమే ఎప్పుడూ పరువైన పని. కాబట్టి పెనుబల్లి నుంచి సత్తుపల్లి కాలేజీకి పోయే బస్సులో ఒక ఇంటర్ పిల్ల ఫోనులో చూస్తున్న చైనా సీరియల్లోని ఒక్క వాక్యానికి టీక రాయబూనితే పెద్దలు కోప్పడరనుకుంటాను.

సందర్భం. నాయిక స్కూలు యూనిఫారంలో ఉంది. నాయకుడూ అంతే. అక్కడ వాన, ఇక్కడ కూడా ముసురు. నాయిక ఎన్నో ఎపిసోడ్లుగా గొంతులో దాచుకున్న మాటను ఇప్పుడు అనేసింది. పిల్ల పక్కన మేనత్త కూర్చుని ఉంది, ఒళ్లో నేరేడు పళ్ల సంచి. ఇయర్‌ఫోను ఒకటి కోడలి చెవిలో, రెండోది అత్త చెవిలో. మాట చైనాది, కింద అక్షరాలు ఇంగ్లీషువి, బస్సు ఆర్టీసీది.

“అంత తడుసుకుంట వచ్చి ఏమందే ఆ పిల్ల?”

“ఐ లైక్ యూ అన్నదత్తా.”

“లైకా? ఫోన్ల బొటనేలు లేపుతరు, అదా?”

ఈ శంకే ఈ టీకకు మూలకారణం.

మూలం

వో శీహ్వాన్ నీ.

ఇది ఏ ఒక్క కవి రచనా కాదు, చాటువులాగా అందరి సొత్తు. 2017లో వచ్చిన ‘ఎ లవ్ సో బ్యూటిఫుల్’ అనే బడిపిల్లల సీరియల్లో చెన్ శియావ్‌శీ అనే అమ్మాయి జియాంగ్ చెన్ అనే ముభావి వెంటపడేది ఈ మాట కోసమే. చైనా బడి ప్రేమకథ ఏది తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఈ వాక్యం తగలక మానదు. తగలకపోతే ఆ సీరియల్ ఇంకా అయిపోలేదని అర్థం.

ప్రతిపదార్థం

వో = నేను; శీ = సంతోషము; హ్వాన్ = ఉల్లాసము; నీ = నువ్వు, ఇక్కడ నిన్ను.

సంతోషమూ ఉల్లాసమూ ఒకటే కదా, పునరుక్తి దోషం కాదా అంటే, కాదు. మనం ఆటపాటలు, నగానట్రా అన్నట్టు వాళ్లూ రెండు మాటలు జంట కట్టి ఒక మాట చేసుకుంటారు. ఈ ‘శీ’ అక్షరాన్నే పక్కపక్కన రెండుసార్లు రాసి, ఎర్రకాగితంలో కత్తిరించి, పెళ్లింటి తలుపులకు అంటిస్తారు. అంటే ఆ నాయిక నోట వచ్చిన మాటలో సగం అప్పటికే పెళ్లివారి గుమ్మం మీద ఉంది. ఇది ధ్వని. ఆమెకే తెలియదు.

ఇక ‘నీ’. చైనాలో నీ అంటే నువ్వు, మనకు నీ అంటే నీదైన. ఈ శబ్దం కృష్ణాతీరం నుంచే ఓడెక్కి చైనాకు పోయిందని నిరూపించగల పండితుడు ప్రతి మండలంలోనూ ఒకడుంటాడు. ఆయనకు టీ ఇప్పించి పంపెయ్యాలి.

వ్యాకరణ విశేషం: ఈ వాక్యంలో విభక్తి లేదు, క్రియకు కాలం లేదు, చెప్పింది ఆడో మగో క్రియను చూసి తెలియదు. నిన్న ఇష్టపడిందా, ఇవాళా, ఇక ముందా అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. దీన్ని గుర్తు పెట్టుకోవాలి, సిద్ధాంతంలో అవసరపడుతుంది.

పాఠాంతరాలు

ఇంగ్లీషు పాఠం: ఐ లైక్ యూ. మాటకు మాట తూచితే తప్పులేదు. అయితే ఇంగ్లీషువాడికి లైక్ కింది మెట్టు, లవ్ పై మెట్టు. కింది మెట్టు మీద నిలబడి తడుస్తున్న పిల్లను చూస్తే, ఇంకా ఎక్కలేదేమిటా అనిపిస్తుంది. చైనాలోనూ ‘ఆయ్’ అనే బరువైన మాట వేరే ఉంది. ‘వో ఆయ్ నీ’ అంటే మనకు తెలిసిన అర్థమే. కానీ మొదటిసారి మనసు విప్పేటప్పుడు ఆ బరువు ఎత్తరు. శీహ్వాన్ తక్కువ రకం ప్రేమ కాదు, ఆ ఘడియకు తగిన మాట. ఆయ్ అనే మాటను ఏళ్లతరబడి కాపురం చేసిన దంపతులు కూడా పొదుపుగా వాడతారు. పెనుబల్లిలో ఇది అర్థం కాని ఇల్లుండదు. అక్కడ నాయన అమ్మతో ప్రేమ అన్న మాట అనడం ఎవరూ విని ఉండరు. “తిన్నవా?” అనడం మాత్రం రోజూ వింటారు.

డబ్బింగు పాఠం: నేను నిన్ను ప్రేమిస్తున్నాను. ఇది గంభీరమైన అపపాఠం. 1950లో ‘ఆహుతి’ సినిమాకు శ్రీశ్రీ హిందీ పెదవుల మీద తెలుగు మాటలు పరిచిన నాటి నుంచీ డబ్బింగు రచయితకు మొదటి శత్రువు పవర్గం. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే, తెర మీద మనిషి నోరు తెరిచి ఉంటే మాట అతకదు. ‘వో శీహ్వాన్ నీ’ మొత్తం చదివి చూడండి, పెదవులు గుండ్రంగా తిరుగుతాయి గాని ఎక్కడా మూసుకోవు. ‘ప్రేమిస్తున్నాను’లో ‘ప్రే’ దగ్గర ఒకసారి, ‘మి’ దగ్గర ఒకసారి మూతపడాలి. అక్కడ పిల్ల నోరు తెరిచి వానలో నిలబడితే, ఇక్కడ వెనక నుంచి ఇంకెవరో ప్రేమిస్తున్నారు.

పెదవుల సంగతి అలా ఉంచినా అసలు దోషం ‘స్తున్నాను’లో ఉంది. మూలంలో లేని కాలం వచ్చి కూచుంది. పనులు జరుగుచున్నవి అని రోడ్డు పక్కన పెట్టే బోర్డులాగా ఉంది మాట. పైగా ఇంట్లో గాని, బజార్లో గాని, లంకాసాగర్ కట్ట మీద గాని మనిషన్నవాడు ఇంకో మనిషితో ఇలా అనగా నేను వినలేదు. ఇది తెరకే పుట్టి తెర మీదే బతికే వాక్యం.

దేశవాళీ పాఠం: ఐ లవ్యూ. నవ్వకండి, తెలుగు కుర్రకారు నిజంగా పలికే పాఠం ఇదే. పరాయి మాటను తర్జుమా చేయకుండా ఉంచేయడానికి శాస్త్ర సమ్మతి ఉందా అంటే ఉంది, అదీ చైనావాడిదే. 7వ శతాబ్దంలో మన ధాన్యకటకానికి వచ్చి కొన్ని నెలలుండి అభిధర్మం చదువుకుపోయిన హ్యూయెన్‌త్సాంగ్ సంస్కృత గ్రంథాలను చైనా భాషలోకి దించుతూ అయిదు రకాల మాటలను అనువదించకూడదని పెట్టాడని సంప్రదాయం. మంత్రాల వంటి రహస్యాలు, ‘భగవత్’ లాంటి అనేకార్థాలు, తమ దేశంలో లేని వస్తువులు, పూర్వులు అలాగే ఉంచిన పదాలు, చివరగా అనువదిస్తే గౌరవం తగ్గేవి. ‘ప్రజ్ఞ’ను తెలివి అని రాస్తే పలచబడుతుందని దాన్ని ‘ప్రజ్ఞ’గానే ఉంచారు. తమ దేశంలో లేని వస్తువుకు ఆయన పేర చెప్పే ఉదాహరణ ఏమిటో తెలుసా? జంబూవృక్షం. అనగా నేరేడు. మన పూజారి సంకల్పంలో రోజూ చెప్పే జంబూద్వీపంలోని జంబువు. నీలాద్రి అడవిలో ఏరుకుని అత్త సంచిలో వేసుకున్న పళ్లు చైనా అనువాద శాస్త్రంలో మూడో సూత్రానికి లక్ష్యాలు. ఆమె ఒకటి నోట్లో వేసుకుని గింజ కిటికీలోంచి ఊసింది.

ఐ లవ్యూ ఈ అయిదింటిలో ఏ రకం? నాకు మొదటిదీ చివరిదీ కలిసిన రకంలా తోస్తుంది. మంత్రంలాగా అర్థం తెలియకపోయినా ఫలిస్తుంది, తెలుగులో చెబితే సిగ్గు. సిగ్గుకు ఇంగ్లీషు గొడుగు. సిగ్గు ఇంకా ఎక్కువైతే అంకెల్లోకి దిగుతారు. చైనాలో 520 అంటే వు ఎర్ లింగ్, చెవికి వో ఆయ్ నీలా వినబడుతుందని మే 20ని ప్రేమికుల రోజు చేసుకున్నారు. మనం ఇంగ్లీషు మాటల్లో అక్షరాలు లెక్కపెట్టి 143 అన్నాం, 2004లో పూరీ జగన్నాథ్ ఆ పేరుతో సినిమా కూడా తీశాడు. వాళ్లది చెవి లెక్క, మనది చేతివేళ్ల లెక్క.

సిద్ధాంతం

నాకు నువ్వంటే ఇష్టం.

నాకు: కిన్, కున్ షష్ఠిలోవి అని బడిలో వల్లెవేశాం. షష్ఠి అయినా మరేదైనా, గమనించాల్సింది ఇక్కడ నేను కర్తను కాకపోవడం. నాకు ఆకలి, నాకు నిద్ర, నాకు జ్వరం, నాకు కోపం. ఇవి నేను చేసినవి కావు, నాకు జరిగినవి. ఇష్టం కూడా అలా వచ్చి పడిందే. చైనా నాయిక ‘వో’ అంటూ తనను ముందు నిలబెట్టుకుంది, తెలుగు నాయిక ‘నాకు’ అంటూ ఒక అడుగు వెనక్కి తగ్గింది. ఇది మూలానికి మార్పే, ఒప్పుకోవాలి. కానీ మంచి మార్పు, అమ్మాయి మీద నేరం పడదు.

ఇష్టం: కోరుకోవడమనే అర్థం గల ‘ఇష్’ ధాతువు నుంచి. క్రియాపదం కాదు, నామం. వాక్యంలో క్రియ లేదు గనక కాలమూ లేదు. చైనా వాక్యంలో కాలం లేదన్నానే, తెలుగులో ఆ లేమిని చెక్కుచెదరకుండా తెచ్చిన పాఠం ఇదొక్కటే. నిన్నా ఇవాళా రేపూ అన్నీ ఆ మాటలో ఉన్నాయి, ఏదీ ప్రత్యేకంగా లేదు.

అంటే: ఇక్కడ వ్యాఖ్యాత లేచి నిలబడి నమస్కారం పెట్టాలి. ‘అను’ ధాతువు మీద పుట్టిన ఈ మాట మా వృత్తిలో పనిముట్టు. టీకలో ‘అనగా’ అని మేం వాడేది ఇదే. ‘నువ్వంటే’ అంటే ‘నువ్వు అని అన్నచో’. ఆ పిల్ల ముందు మూలపదం చెప్పింది: నువ్వు. తర్వాత అనగా అంది. తర్వాత అర్థం చెప్పింది: నాకు ఇష్టం. ఎదుటివాణ్ని పదంగా తీసుకుని ప్రతిపదార్థం రాసింది. తెలుగులో ప్రేమ చెప్పుకోవాలంటే టీకాకారులు కాక తప్పదు. ‘నువ్వంటే భయం’, ‘నువ్వంటే మంట’ కూడా ఇదే తంతు, మూలం ఒకటే, వ్యాఖ్యలు వేరు. మూలం లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథుడు, చైనా వాక్యంలో ‘అనగా’ ఎక్కడుందని నన్ను నిలదీయవచ్చు. లేదు స్వామీ. మా భాష కలిపింది, నేను తీసెయ్యలేకపోయాను.

పూర్వపక్షం

నేనీ పాఠం చెబితే అత్త ఒప్పుకోలేదు. “ఇష్టం అంటే పెండ్లిచూపులల్ల అడిగేది గదే. పిల్లకు ఇష్టమేనా అంటరు, ఆమె తల వంచుకుంటది, అయిపాయె. ఈ పిల్ల తనంతట తనే చెప్పుకుంటాందేంది?”

బలమైన వాదమే. ఇష్టానికి మనదగ్గర సమ్మతి అనే అర్థం రూఢి. ఇంకో చిక్కు, ‘నువ్వంటే ఇష్టం’లో అంత తీపి ఉన్న మాటకు ముందు ‘నీ’ చేరిస్తే ‘నీ ఇష్టం’ అవుతుంది. అది అలిగిన మనిషి తలుపేసుకునే ముందు అనే మాట. అడిగితే చెప్పే ఇష్టం, అడక్కుండా చెప్పే ఇష్టం, అలిగి వదిలేసే ఇష్టం, మూడూ ఒక్క పదమే. చైనా శీహ్వాన్‌కు ఈ బరువులేమీ లేవు. అయినా అత్త ఆక్షేపణలోనే సమాధానమూ ఉంది. అడక్కుండా చెప్పడమే ఆ దృశ్యంలో విశేషం. పెళ్లిచూపుల మాటను పెళ్లిచూపులు లేకుండా వాడింది గనకే గొంతు వణికింది.

సంబోధనా విచారం

నిజానికి ఈ ఒక్క వాక్యాన్ని కాపాడినంత మాత్రాన దృశ్యం బతకదు. రాజుల కాలం నాటి చైనా సీరియళ్లలో నాయిక తన మనసులోని వాణ్ని ‘గగ’ అని పిలవడం మామూలు. నిఘంటువు చూస్తే అన్నయ్య. ఒకే గురువు దగ్గర కత్తిసాము నేర్చుకున్న పెద్దవాణ్ని ‘షీశ్యుంగ్’ అంటుంది. అదీ అన్నే. ఇంగ్లీషు వాడు బ్రదర్ అని రాసి చేతులు దులుపుకుంటాడు. దాన్ని తెలుగులోకి దించే అభాగ్యుడు “అన్నయ్యా, నువ్వంటే నాకిష్టం” అని రాశాడో, ఇక ఆ కథను ఏ శాస్త్రమూ ఒడ్డెక్కించలేదు. మనకు అన్నయ్య అన్న పిలుపు తలుపు గడియ. కాలేజీల్లో అమ్మాయిలు కుర్రవాళ్లను వదిలించుకోవడానికి వాడే ఆయుధం, రాఖీ దానికి రసీదు.

ఈ చోట నిఘంటువును మూసి వావివరసలను తెరవాలి. ‘గగ’కు సరైన తెలుగు ‘బావ’. చనువు, పెద్దరికం, కాస్త ఎగతాళి, పెళ్లికి అడ్డులేని వరస, అన్నీ రెండక్షరాల్లో ఉన్నాయి. ‘బావా’ అని ఒక ప్రత్యేకమైన స్వరంలో పిలిచాక శీహ్వాన్ గాని ఇష్టం గాని చెప్పనక్కరలేదు. ఈ మాట నేను కోడలితో అంటుంటే అత్త కిటికీ వైపు తిరిగింది. ఆమెకు ఇద్దరు కొడుకులు, పెద్దవాడు సింగరేణిలో ఉద్యోగి. వ్యాఖ్యాత ఇంతకుమించి వ్యాఖ్యానించడు.

‘నువ్వు’ సంగతి తేలిక. చైనాలో మర్యాదకు ‘నిన్’ అని ఉన్నా బడిపిల్లలు ‘నీ’తో సరిపెట్టుకుంటారు, మనకూ నువ్వే. ‘మీరంటే నాకిష్టం’ అంటే అది లెక్కల మాస్టారికి వీడ్కోలు సభలో చెప్పే మాట.

ప్రత్యుత్తర ఖండం

ఇప్పుడు నాయకుడి వంతు. ఇలాంటి చోట మంచి నాయకుడు ‘వో యే షి’ అంటాడు, నేనూ అంతే అని. తెలుగులో ‘నేనూ’ అంటే కుదరదు, ఆమె చెప్పింది షష్ఠిలో గనక జవాబూ షష్ఠిలోనే ఉండాలి: ‘నాకూ’. వ్యాకరణం తెలియని ప్రేమికుడు సైతం ఇక్కడ తప్పు చేయడు. కానీ ‘నాకూ’ అన్న తర్వాత ఒక సందేహం మిగులుతుంది. నాకూ నువ్వంటే ఇష్టమా, లేక నువ్వన్నట్టే నాకూ నేనంటే ఇష్టమా? కొందరి కాపురాలు రెండో అర్థంతోనే నడుస్తున్నాయి.

మన ముభావి అంతదూరం కూడా రాలేదు. వానలోకి చూస్తూ ముక్కుతో ఒక శబ్దం చేశాడు. చైనాలో దాన్ని ‘ఎన్’ అని రాస్తారు, చెవికి మాత్రం అచ్చం మన ‘ఊఁ’. ఇంత ప్రయాణంలో తర్జుమా అక్కరలేని మాట ఇదొక్కటే దొరికిందని నేను సంబరపడబోయాను. అత్త ఇయర్‌ఫోను తీసి చేతిలో పట్టుకుంది.

“ఊఁ అన్నడా, ఊఁ కొట్టిండా?”

ఊఁ అనడం ఒప్పుకోవడం. ఊఁ కొట్టడం కథ వింటున్నానని చెప్పడం. కోడలు వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. కింద ఇంగ్లీషులో ‘ఓకే’ అని పడింది.